ఇంటిబండితో దక్షిణాపథానికి

గని సైరను విని లేచే అలవాటు పదవీ విరమణతో పోదు. గోదావరిఖనిలో ముప్పది అయిదేండ్లు బాయి పని చేసిన మనిషి ఉద్యోగం ముగిసిన మరునాడు కూడా మొదటి షిఫ్టు వేళకే మేలుకొంటాడు. ఆయన భార్య సంగతీ అంతే. క్యారియరు సర్దవలసిన పని లేకపోయినా నాలుగు గంటలకే లేచి పొయ్యి దగ్గర నిలుచుంటుంది. ఇటువంటి దంపతులకు మొదటి చలికాలం కొంత వింతగా గడుస్తుంది. కంపెనీ క్వార్టరు విడిచిపెట్టాలి. కొత్త ఇల్లు ఇంకా అలవాటు కాలేదు. చేతిలో కొంత పైకం, ఎదుట ఎన్నడూ ఎరుగని తీరిక. అట్లాంటి వేళ ఇద్దరిలో ఒకరు "దక్షిణాదికి పోయి వద్దామా?" అంటారు.

ఈ ఆలోచన కెనడా, అమెరికా దేశాలలో ఏనాడో ఒక ఆచారమైపోయింది. ఉత్తర ప్రాంతాలలో మంచు కురవడం మొదలుకాగానే అక్కడి వృద్ధ దంపతులు అనేకులు కారు వెనుక ఒక చిన్న ఇంటిబండిని తగిలించుకొని ఫ్లోరిడా, అరిజోనా వైపు సాగిపోతారు. వసంతం వచ్చిన తరువాతనే తిరుగు ప్రయాణం. అక్కడి జనం వీరిని మంచుపిట్టలంటారు. అరిజోనాలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ ఉన్న ఎడారి, చలికాలంలో ఇటువంటి బళ్లతో నిండిపోతుంది.

ఇంటిని వెంట తీసుకొని ప్రయాణం చేయడం మనకు మాత్రం కొత్తా? 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు డేరాలు, పల్లకి, పరివారం వెంట ఉన్నవి. హైదరాబాదు, నాగపూరుల మీదుగా పోయి, తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను మాసాలు దాటింది. నేడు మన బొగ్గుబెల్టు నుంచి రామేశ్వరం, కన్యాకుమారి పోయేవారు సాధారణంగా వంటవారితో సహా కదిలే యాత్రాబస్సులలో పోతున్నారు. ఇద్దరి కోసమే ఒక బండి అన్నది మన దేశంలో ఇంకా అరుదు. కేరళ ప్రభుత్వం 2021లో "కేరవాన్ కేరళ" పథకాన్ని ప్రకటించిన తరువాత దక్షిణాదిన ఈ మాట కొంత వినవస్తున్నది.

ఇంతకూ చలికాలంలోనే ఎందుకు? రామగుండం ప్రాంతం సముద్రానికి దూరం. పగలు కాగిన నేల మబ్బులేని రాత్రివేళ తన వేడిమిని ఆకాశానికి వదలివేస్తుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లబడి, బరువెక్కి, అక్కడనే నిలిచిపోతుంది. దానితోపాటు దుమ్ము, పొగ కూడా పైకి పోక నిలుస్తవి. బొగ్గుధూళి వలన కలిగే న్యూమోకోనియోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. అది సోకనివారికి కూడా బాయిలో గడిపిన ఏండ్లు ఊపిరితిత్తులలో ఎంతో కొంత గుర్తు మిగుల్చుతవి. అటువంటి వారికి డిసెంబరు, జనవరి వేకువలు కష్టం. కన్యాకుమారిలో మూడు దిక్కులా సముద్రం. అక్కడ జనవరి వేకువ కూడా ఇరవై డిగ్రీలకు పైనే ఉంటుంది. అయితే ప్రయాణం వైద్యం కాదు. పాడయిన ఊపిరితిత్తి సముద్రపు గాలికి బాగుపడదు, దగ్గు కొంత సద్దుమణగవచ్చు, అంతే. డాక్టరును అడగకుండా బయలుదేరరాదు.

ఇక బండి సంగతి. దీనిని గురించి గని కార్మికునికి ఎవరూ వేరే పాఠం చెప్పనక్కరలేదని నా నమ్మకం. వాలుబాటలో బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో లాగే హాలేజిని చూచినవారికి, కొక్కెం ఊడితే ఏమవుతుందో తెలుసు. కారుకూ ట్రెయిలరుకూ మధ్య కూడా ఒక కొక్కెమే ఉంటుంది. దానికి తోడుగా రక్షణ గొలుసు తప్పక ఉండాలి. సామాను సర్దడంలో కూడా ఒక లెక్క ఉన్నది. ట్రెయిలరు బరువులో సుమారు పదోవంతు కారు కొక్కెం మీద ఆనాలి. బియ్యపు బస్తా, నీళ్ల డ్రమ్ము వెనుక భాగాన వేస్తే ముందుభాగం తేలిపోయి, వేగం హెచ్చినకొద్దీ బండి పాము వలె మెలికలు తిరుగుతుంది. బరువులన్నీ ఇరుసుకు దగ్గరగా, నేలకు దగ్గరగా ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరుకు కూడా విడిగా రిజిస్ట్రేషను కావాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. చలిగా ఉన్నదని కిటికీలు బిగించుకొని లోపల గ్యాసు పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించి నిద్రపోతే, గనులలో ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడే ఇక్కడా పుట్టవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. బ్రిటిషు గనులలో 1986 వరకు దానిని పసికట్టడానికి కేనరీ పక్షులను పంజరంలో లోపలికి తీసుకొనిపోయేవారు. ఇంటిబండిలో పిట్ట అవసరం లేదు. పైనొకటి, క్రిందనొకటి గాలిరంధ్రాలు ఎప్పుడూ తెరచి ఉంచాలి. పొయ్యి వంటకే గాని వెచ్చదనానికి కాదు.

దారి విషయానికి వస్తే, గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగరం, సిద్దిపేట దాటి హైదరాబాదు. అక్కడి నుంచి 44వ జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం, బెంగుళూరు, సేలం, మధురల మీదుగా కన్యాకుమారి వరకు తీసుకొనిపోతుంది. మొత్తం సుమారు 1,500 కిలోమీటర్లు. రోజుకు రెండువందలు చాలు. అంతకు మించితే అది యాత్ర కాదు, మరొక షిఫ్టు. సంక్రాంతి మొదలు జాతర సాగే కొమురవెల్లి మల్లన్న క్షేత్రం రాజీవ్ రహదారికి చేరువలోనే ఉన్నది కనుక, మన ప్రాంతపు వారి మొదటి మజిలీ ఏదో చెప్పనక్కరలేదు.

దక్షిణానికి పోయినకొద్దీ చలి వరుసగా తగ్గుతుందనుకొంటే పొరపాటు. బెంగుళూరు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ కంబళ్లు మళ్లీ తీయవలసిందే. పీఠభూమి దిగేటప్పుడు, ధర్మపురికీ సేలానికీ మధ్య తొప్పూరు కనుమ వస్తుంది. ప్రమాదాలకు పేరుపడిన చోటు. వెనుక బరువున్న బండి అక్కడ బ్రేకు మీదనే ఆధారపడితే బ్రేకు వేడెక్కి పట్టు విడుస్తుంది. దిగక ముందే తక్కువ గేరులోకి మార్చి, ఇంజనుతోనే వేగాన్ని ఆపాలి.

బయలుదేరవలసిన తేదీ మీద కూడా తగవున్నది. చలి తప్పించుకొనాలంటే డిసెంబరులోనే కదలాలి. కాని తమిళనాడులో ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతవి, తుపానులు కూడా ఆ రోజులలోనే. కనుక సంక్రాంతి వెళ్లిన తరువాతనే మేలు. పింఛనుదారులు నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం పని కూడా ఈలోగా ముగుస్తుంది. పైకం మాటకు వస్తే, భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ము బండి కొనడానికి పెట్టడం నాకు సమ్మతం కాదు. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం క్రింద నెలనెలా వచ్చేది అల్పం. మిగిలిన ఏండ్లకు ఆ మొత్తమే ఆసరా. దొరికినచోట ఒక నెలకు అద్దెకు తీసుకోవడం మంచిది.

నేనెరిగిన దంపతులొకరు ఈ యాత్రను గురించి చాలా రోజులు మాట్లాడుకొన్నారు. ఆయన బండి పటాన్ని కాగితం మీద గీచి, మడత మంచం, నీళ్ల తొట్టి, చిన్న వంటగది ఎక్కడెక్కడో చూపించారు. ఆమె అంతా విని, "ఇన్నేండ్లు క్వార్టర్ల వండిన. ఇగ చక్రాల మీద గూడ నేనే వండాల్నా?" అని అడిగింది. బండిని గురించి నేను విన్న ప్రశ్నలలో ఇంత గట్టిది లేదు. ఆమెకు పదవీ విరమణ ఉత్తరువు ఎవరూ ఇవ్వలేదు గదా! ఆయన ఆ పూట బదులు చెప్పలేదు. తరువాత ఒకనాడు నేను వెళ్లేసరికి, పొయ్యి ముందు నిలబడి ఉప్మాలో నీళ్లు ఎన్ని పోయాలో ఆమెను అడుగుతున్నారు.

ప్రయాణం ఏ ఏడు అన్నది కూడా నిర్ణయమైనది. మేడారం జాతర రెండేండ్లకొకసారి, మాఘ పూర్ణిమ రోజులలో వస్తుంది. ఆ ఏడు సంక్రాంతికి బయలుదేరితే సముద్రం చూచీచూడకముందే మరలవలసి వస్తుంది. కనుక జాతర లేని ఏడు పోతామని ఆమె తేల్చి చెప్పింది.