గోడ మీది నాలుగక్షరాలు

విస్సన్నపేటలో రసాలు కోసే రోజులు. మా చిన్నాన్నగారింటి వసారా నిండా వరిగడ్డి మీద పరిచిన కాయలే. జపాన్‌లో ఉద్యోగం చేసి వచ్చిన వాళ్లబ్బాయి హాల్లో ఓ నిలువు పటం వేలాడదీశాడు. నల్ల సిరాతో నాలుగే అక్షరాలు. వచ్చినవాళ్లంతా అదేమిటని అడిగేవాళ్లే.

“జీవితంలో ఒక్కసారే వచ్చే అవకాశం అని రాసుంది పెద్దమ్మా!”

“లాటరీ టిక్కెట్టు తెచ్చి గోడకు కట్టావురా?” అందావిడ.

నవ్వేశాం గానీ, ఆవిడ వేలు పెట్టింది సరిగ్గా తప్పు మీదే. ఆ మాట ‘ఇచిగో ఇచియె’. ఇచిగో అంటే ఒక జీవితకాలం, ఇచియె అంటే ఒక కలయిక. అవకాశం ఊసే అందులో లేదు. అది పుట్టింది టీ గదిలో. 16వ శతాబ్దపు టీ గురువు సెన్ నో రిక్యూ చెప్పిన భావాన్ని శిష్యుడు యమనొవె సోజి రాసిపెట్టాడు. 19వ శతాబ్దంలో దాన్ని జనంలోకి తెచ్చినవాడు ఈయి నవొసుకె. షోగన్ ప్రభుత్వంలో ప్రధానమంత్రి అంతటివాడు. అదే ఇంటివాడు, అదే అతిథి, అదే గది. నూరుసార్లు కలిసినా ఇవాళ్టి కలయిక మళ్లీ రాదు కనుక ఇద్దరూ మనసు పెట్టి మసలుకోవాలన్నది ఆయన వివరణ. ఎగబడి అందుకోవాల్సిందేమీ లేదక్కడ, ఉన్నదల్లా మర్యాదే. వియ్యంకుడొస్తే ఒక్కో పండూ వాసన చూసి ఏరిపెట్టే ఊళ్లో ఈ మాటకు వేరే వ్యాఖ్యానం ఎందుకు?

అర్థం దాకా ఎందుకు, అక్షరం పోల్చుకోవడమే యాతన. విడివిడిగా రాస్తే కైషో, కలిపి పరుగెత్తిస్తే సోషో. సోషోను ‘గడ్డి రాత’ అంటుంటారు. అందులోని ‘సో’ అక్షరానికి ‘చిత్తు’ అనే అర్థమూ ఉంది, ఇక్కడ నప్పేది అదే. ఆ రాత చదవడం నేటి జపనీయుల్లోనే చాలామందికి రాదు. తాతల నాటి కరణంగారి గొలుసుకట్టు దస్తావేజు పట్టుకుని, చదివిపెట్టేవాడి కోసం తిరిగినవాళ్లకు ఈ బాధ కొత్త కాదు.

ఒక్కోచోట తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. జపాన్ బౌద్ధంలోని జోదో షిన్‌షూ శాఖ కొలిచే ఏడుగురు ఆచార్యుల్లో మొదటి పేరు ‘ర్యూజు’. అక్షరాల లెక్కన డ్రాగన్, చెట్టు. డ్రాగన్ చెట్టేమిటి? ఆయన మన నాగార్జునుడు! శాతవాహన రాజుకు సుహృల్లేఖ రాశాడని సంప్రదాయం చెప్పే ఆచార్యుడు. నాగానికి చైనావాళ్లు పెట్టుకున్న సాటి మాట డ్రాగన్. మరి చెట్టు? అర్జునమంటే మన తెల్లమద్ది. తల్లి ఆయన్ని ఆ చెట్టు కిందే కన్నదని చైనా గాథ. అర్జునుడనగానే గాండీవమే గుర్తొచ్చేవాడికి ఈ ముడి విడదు. ఏటిగట్టున మద్దిచెట్టు ఎరిగినవాడికి ఇట్టే విడిపోతుంది.

మన రాళ్ల మీదా ఇదే పేచీ. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లిలో స్తంభాల మీద ప్రాకృత శాసనం ఒకటుంది. దాన్ని కళింగ రాజు ఖారవేలుడిదిగా చదివి ఆర్. సుబ్రహ్మణ్యం 1968లో ప్రచురించారు. తర్వాతి పండితులు అదే చోట సిరి సద అనే రాజు పేరు చదివారు. అక్కడ మంటపాన్ని దానమిచ్చిన మనిషి పేరు చుల గోమ. అతడు ఆ రాజు కొలువులో లేఖకుడు.