ఎరువు సొమ్ము

ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. పొరుగింటి కాసులపేరు అడిగి తెచ్చి మెడలో వేసుకున్న ఇల్లాలికి పెళ్ళిపందిట్లో ఎంత గౌరవం జరిగినా, మనసంతా ఆ పేరు మీదే వుంటుంది. రాజ్యాల సంగతీ ఇంతేనని బ్రిటన్ అణ్వాయుధాల కథ చదివినప్పుడల్లా నాకు తోస్తుంది.

ఆటంబాంబు తయారీలో బ్రిటన్ భాగస్వామే. 1943లో క్వెబెక్‌లో చర్చిల్, రూజ్‌వెల్టు ఒడంబడిక చేసుకున్నారు. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు లాస్ అలమోస్ వెళ్ళి పనిచేశారు. తీరా యుద్ధం ముగిశాక, 1946లో అమెరికా మెక్‌మహన్ చట్టం చేసి, అణురహస్యాలు పరాయివారికి చెప్పరాదని తలుపు మూసింది. నిన్నటి భాగస్వామి నేడు గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది!

బ్రిటన్‌కు పౌరుషం వచ్చింది. 1952 అక్టోబరు 3న ఆస్ట్రేలియా దగ్గరి మాంటిబెల్లో దీవుల్లో సొంత బాంబు పేల్చింది. 1957లో హైడ్రోజన్ బాంబునూ సాధించింది. బలమున్న వాడితోనే గదా ఎవరైనా చెలిమి కోరేది! మరుసటి యేడే అమెరికా తలుపు తెరిచి కొత్త ఒప్పందం చేసుకుంది.

బాంబు వుంటే చాలదు, శత్రువు దాకా దాన్ని మోసుకుపోయే వాహనం కావాలి. బ్రిటన్ 1960లో తన బ్లూ స్ట్రీక్ క్షిపణిని మానుకుని, విమానం నుంచి వదిలే అమెరికా స్కైబోల్టును నమ్ముకుంది. 1962 చివర అమెరికా ఆ స్కైబోల్టునే రద్దు చేసింది. ఒక దేశం వేసుకున్న పథకం మరో దేశం కలంపోటుతో కూలిపోయింది. ప్రధాని మాక్మిలన్ ఆ డిసెంబరులో బహామా దీవుల్లోని నాసోలో కెన్నెడీని కలుసుకుని, జలాంతర్గాముల నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణులు సంపాదించాడు. కాని షరతు వుంది. అవి నాటో కూటమి రక్షణకు కేటాయించాలి. దేశం మనుగడకే ముప్పు వస్తే మాత్రం బ్రిటన్ తన ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చు.

ఫ్రాన్సుకూ పొలారిస్ ఇస్తామన్నారు. 1963 జనవరిలో డిగాల్ వద్దనేశాడు. ఖర్చు తడిసి మోపెడయినా సరే, బాంబూ క్షిపణీ జలాంతర్గామీ అన్నీ ఫ్రాన్సు తానే తయారుచేసుకుంది.

నేడు బ్రిటన్‌కు నాలుగు ట్రైడెంట్ జలాంతర్గాములున్నాయి. 1969 నుంచి యేదో ఒక జలాంతర్గామి ఎల్లవేళలా సముద్రంలో కాపలా వుంటూనే వుంది. నౌకలు వారివే, బాంబులు వారివే, ప్రయోగించమని ఆజ్ఞ ఇచ్చేదీ బ్రిటిష్ ప్రధానే. క్షిపణులు మాత్రం అమెరికాలో జార్జియా రాష్ట్రపు కింగ్స్ బేలోని ఉమ్మడి నిల్వ నుంచి వస్తాయి. వాటి మరమ్మతూ అక్కడే. 1958 ఒప్పందానికి 2024లో గడువన్నదే లేకుండా చేసుకున్నారు.

ఈ చెలిమి వల్ల బ్రిటన్‌కు ఎంతో డబ్బు కలిసివచ్చిన మాట నిజం. ఐతే, ఆయుధాన్ని ప్రయోగించే స్వాతంత్ర్యం వేరు, దాన్ని యేళ్ళ తరబడి నిలుపుకునే స్వాతంత్ర్యం వేరు. మొదటిది లండన్‌లో వుంది. రెండోదాని తాళంచెవి వాషింగ్టన్‌లో వుంది. స్నేహం చల్లగా వున్నన్నాళ్ళూ ఆ తాళంచెవి సంగతి ఎవరికీ గుర్తురాదు. స్కైబోల్టు నాడు మాక్మిలన్‌కు గుర్తొచ్చింది.