సుడిగాలిలో పట్టుకొన్న చేయి

తార్నాక కూడలిలో బస్సు దిగి, విశ్వవిద్యాలయపు చెట్ల నీడలలోనికి నడచి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల మెట్లమీద ఒక సాయంకాలము కూర్చున్నవారికి, పుస్తకములు ఒడిలో పెట్టుకొని మాటలలో లోకము మరచిన జంటలు కనబడక మానవు. నిన్నటి పరిచయము నేడు ప్రాణమై, రేపటికి పెండ్లిమాట యగుట ఇచ్చట వింత కాదు. పెద్దలు దానిని వయసుపొంగని తీసివేయుదురు; నేనట్లు తీసివేయజాలను. త్వరపడి కలిసిన ప్రేమ త్వరపడినందువలననే చెడునన్న మాటను నేను నమ్మను. ఆ యిరువురును తమవెంట తెచ్చుకొన్న గాయములకు ఆ ప్రేమలో చోటున్నదా లేదా యన్నదే అసలు పరీక్ష. ఈ ఆవరణలోనే, అర్ధశతాబ్దికి పూర్వము, అట్టి పరీక్షకు నిలిచిన ఒక జంట కథ నాకు తరచు గుర్తువచ్చుచుండును.

1972 ఏప్రిల్ 14వ తేదీన, భౌతికశాస్త్రమున బంగారు పతకము పొందిన జార్జిరెడ్డి అను ఇరువదియైదేండ్ల విద్యార్థి నాయకుని ఉస్మానియా ఆవరణలో కత్తులతో పొడిచి చంపిరి. ఆ మరణము నగరములోని యువతను కుదిపివేసెను. ఎందరో విద్యార్థులు చదువులు ప్రక్కనపెట్టి వామపక్ష సంఘములలో చేరిరి. ఆ దుమారములో ముందు నిలిచినవారిలో జార్జి తమ్ముడు సిరిల్ రెడ్డి యొకరు. తమిళ బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, ఉస్మానియాలో గణితము చదువుచు, స్త్రీల సంఘముల పనిలోనికి వచ్చిన గీతా రామస్వామి మరియొకరు. అన్నను పోగొట్టుకొన్న యువకుడును, ఇంటి కట్టుబాట్లను దాటి వచ్చిన యువతియు ఆ ఉద్యమపు నడుమనే దగ్గరైరి. ఉదయము కరపత్రము, మధ్యాహ్నము ఊరేగింపు, రాత్రి పోలీసుల భయము. అట్టి దినములలో మనసులు కలియుటకు ఏండ్లు పట్టవు. అపాయము మనుష్యులను ఎంత శీఘ్రముగా సన్నిహితులను చేయునో, దానిని అనుభవించినవారికే తెలియును.

గీత త్రోవ తప్పినదని తలచిన కుటుంబము ఆమెను మద్రాసునకు తీసికొనిపోయి నిర్బంధించి, ఆమె సమ్మతి లేకయే విద్యుదాఘాత చికిత్స చేయించెను. జనము ‘కరెంటు షాకులు’ అను ఈ పద్ధతిని 1938లో రోమునగరమున చెర్లెట్టి, బీని యను వైద్యులు కనిపెట్టిరి. మెదడులోనికి స్వల్పముగా విద్యుత్తును పంపి మూర్ఛ రప్పించుట దాని స్వరూపము. తీవ్రమైన విషాదరోగమునకు, రోగి యొప్పుదలతో, మత్తుమందిచ్చి చేసినప్పుడు అది నేటికిని ప్రాణములు నిలుపు చికిత్సయే, దానిని నిందింపను. కాని రోగము లేని మనిషి అభిప్రాయములను మార్చుటకై దానిని ప్రయోగించుట చికిత్స కాదు, శిక్ష. ఆ షాకులవలన తన జ్ఞాపకశక్తి దెబ్బతిన్నదని గీత స్వయముగా వ్రాసినారు. గణితము చదివిన మనిషికి జ్ఞాపకము చెదరుట యనగా ఏమో తలచుకొన్నప్పుడెల్ల నా గుండె బరువెక్కును.

శత్రువు కొట్టిన దెబ్బకును, కన్నవారు కొట్టిన దెబ్బకును భేదము కలదు. మొదటిదానికి పారిపోయి వచ్చి తలదాచుకొనుటకు ఇల్లున్నది. రెండవదానికి ఆ యిల్లే గాయము. అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రకటించిన గ్రంథమున, మానసికాఘాతమునుండి కోలుకొనుటకు మొదటి మెట్టు అభయమనియు, జరిగినదానిని చెప్పుకొని దుఃఖించుట తరువాతిదనియు, మరల నలుగురిలో కలియుట ఆ తరువాతిదనియు వివరించిరి. గాయపడినవారు అర్ధరాత్రి ఉలికిపడి లేచుటయు, ఆప్తుల చేయి తగిలినను ముడుచుకొనుటయు, ఏ కారణము లేకయే మౌనము వహించుటయు, ప్రేమ తరిగినందువలన కాదు. అపాయము గడచిపోయినదని శరీరమింకను నమ్మనందువలన. ఇది తెలియక ఎన్ని జంటలు ఒకరినొకరు నిందించుకొని విడిపోయినవో!

గీత మద్రాసులోని ఆ నిర్బంధమునుండి తప్పించుకొని వచ్చి సిరిల్‌ను పెండ్లాడెను. అభయము మొదటి మెట్టన్నచో, వారికి ఆ మెట్టే లేదు: 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చెను, అజ్ఞాతవాసము వచ్చెను, నమ్మిన వామపక్ష పార్టీపై నమ్మకము సడలి దానిని విడుచుటయు వచ్చెను. అన్నను చంపిన ఊరు ఒకరికి, కన్నవారు చేసిన ద్రోహము మరియొకరికి. ఇన్ని గాయములతో వారు ఢిల్లీ ప్రాంతమునకు పోయిరి; అచ్చట గాజియాబాదులో పాకీపనివారి వాడలో గీత పిల్లలకు చదువు చెప్పెను.

గీతకు చేయించినట్టి, సమ్మతి లేని విద్యుదాఘాత చికిత్సకు అడ్డుపడు గట్టి చట్టము నాడు లేదు. 1912 నాటి ఉన్మాదుల చట్టమే అమలులో నుండెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మాత్రము, సమాజపు నైతిక, రాజకీయ విలువలకు గాని, మతవిశ్వాసములకు గాని ఒదుగలేదన్న కారణముతో ఎవరిని మనోరోగి యని నిర్ణయింపరాదనియు, మత్తుమందు లేకుండ విద్యుదాఘాతము చేయరాదనియు శాసించినది. ప్రేమించినందుకు గదిలో పెట్టబడిన ఆడపిల్లకును, ఆమె స్నేహితులకును ఈ మాట తెలియవలెను. మనసు చెదరినవారు మాటాడుటకు ప్రభుత్వపు టెలిమానస్ 14416 సంఖ్య కలదు; అందులో తెలుగున మాటాడవచ్చును.

1980లో గీత, సిరిల్ దంపతులు హైదరాబాదునకు తిరిగివచ్చిరి. అదే యేడు గీత, సి.కె. నారాయణరెడ్డి మొదలగువారితో కలిసి హైదరాబాద్ బుక్ ట్రస్టును స్థాపించెను. 1984 నుండి ఇబ్రహీంపట్నము కూలీల భూముల పోరాటములో గీత ఊరూర తిరుగగా, న్యాయవాది యైన సిరిల్ ఆమెకు అండగా నిలిచెను. ఆ యేండ్ల కథను ఆమె 2022లో ఆంగ్లమున ఆత్మకథగా వెలువరించిరి.

ఆ ట్రస్టు ప్రచురించిన పుస్తకములలో తెలుగువారెక్కువగా చదివినది, సహవాసి అనువదించిన ‘ఏడు తరాలు’. ఊరినుండి బానిసగా ఎత్తుకొనిపోబడిన కుంటా కింటే పేరును, వాని సంతతి తల్లిదండ్రుల నోట బిడ్డల చెవికి అందించుచు మరువకుండ కాపాడుకొన్న కథ యది. జ్ఞాపకము దెబ్బతిన్న గీత చేతులే ఆ కథను తెలుగువారికి అందించినవి. ఉస్మానియా హాస్టళ్లలో ఆ పుస్తకము నేటికిని ఒకరి చేతినుండి ఒకరి చేతికి పోవుచున్నది.