మంచు సముద్రంలో క్రిల్ దండు

మిడతల దండు సంగతి రైతుబిడ్డలకు కొత్తగా చెప్పక్కర్లేదు. అంటార్కిటికా చుట్టూ వున్న దక్షిణ సముద్రంలో నీళ్లలో కదిలే దండు వొకటి వుంది. దాని పేరు క్రిల్. చూడ్డానికి చిన్న రొయ్యలాగే వుంటుంది. పొడవు 6 సెంటీమీటర్లు, తూకం 2 గ్రాములు. అంతే! కాని ఘనమీటరు నీటిలో పదివేలకు పైగా కిక్కిరిసి వుండగలవు. అలాంటిచోట సముద్రం ఎర్రబారి కనిపిస్తుంది.

ఈ గుంపు కట్టడం దేనికి? పెంగ్విన్ లాంటివి వొక్కొక్కదాన్నే యేరుకు తింటాయి గదా, గుంపులో వాటికి గురి కుదరదు. బాగానే వుంది. మరి నీలి తిమింగిలమో? గుంపును గుంపుగానే నోట్లోకి లాక్కుంటుంది, రోజుకు టన్నులకొద్దీ!

వీటి కలయిక పైనీళ్లలోనే జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. సముద్రంలోకి కెమెరా దింపి తీసిన చిత్రాల్ని ఆస్ట్రేలియాలో పనిచేసే సో కవాగుచి బృందం 2011లో ప్రకటించింది. 400 నుంచి 700 మీటర్ల లోతున, అడుగునేల దగ్గర, మగది ఆడదాన్ని తరుముతుంది, తడిమి చూస్తుంది, కౌగిలిస్తుంది, వొళ్లు వంచి చుట్టుకుంటుంది, చివర నెడుతుంది. అంతా క్షణాల్లో ముగిసిపోతుంది. మగది ఇచ్చే వీర్యపు సంచుల్ని ఆడది వొంటికి అంటించుకుని వుంచుకుంటుంది.

వేసవిలో ఆడది వొక్క విడతకు పదివేల దాకా గుడ్లు విడుస్తుంది. అవి వందల మీటర్లు మునుగుతూ పోయి, ఆ చీకట్లో పొదుగుతాయి. అక్కడినించి పిల్లలు వెలుతురు కోసం పైకి ఈదాలి. దారిలో తిండి లేదు. తల్లి గుడ్డులో పెట్టిన సొనే సద్దిమూట. అది అయిపోయేలోగా పైకి చేరాలి. చేరినవాటికి మొదటి శీతాకాలంలో మంచుపలక అడుగున పట్టిన నాచే మేత. మంచు తగ్గితే ఆ మేతా తగ్గుతుంది. నీటిలో బొగ్గుపులుసు వాయువు బాగా పెరిగితే గుడ్లు సరిగా పొదగవని కూడా ప్రయోగాల్లో తేలింది.

మనుషులూ వీటిని పడుతున్నారు, చేపల మేతకూ నూనె మాత్రలకూ. అట్లాంటిక్ వైపు దక్షిణ సముద్రంలో ఏడాదికి 6,20,000 టన్నులు దాటకూడదని హద్దు. మొత్తం క్రిల్ కోట్ల టన్నుల్లో వుంటుంది కాబట్టి ఇది యే మూలకు అనిపిస్తుంది. అసలు చిక్కు యెంత పట్టారన్నది కాదు, యెక్కడ పట్టారన్నది. ఊరంతటి పంటకు లెక్కగట్టి వొక్క మడిలోనే కోసినట్టు! వేటను నాలుగు ప్రాంతాలకు పంచే నిబంధన 2024 ఆఖరుతో చెల్లిపోయింది. 2025 ఆగస్టులో మొట్టమొదటిసారి హద్దు నిండిపోయి, గడువుకు ముందే వేట ఆపవలసి వచ్చింది. ఓడలు యెక్కువగా చేరింది అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర, పెంగ్విన్లూ తిమింగిలాలూ మేసే నీళ్లలోనే.