పేగులలో నిద్రించే బీజాలు

ఎండిన చెరువు మట్టిలో గడ్డి విత్తనాలు నెలల తరబడి నిద్రించి, తొలకరి చినుకు పడగానే మొలకెత్తడం మనకు తెలిసినదే. మన పేగులలో నివసించే కొన్ని సూక్ష్మజీవులదీ ఇదే పద్ధతి. పరిస్థితి ప్రతికూలించినప్పుడు అవి తమ జన్యుపదార్థం చుట్టూ దృఢమైన కవచాలు నిర్మించుకొని ‘సిద్ధబీజాలు’గా మారుతాయి. వేడిమి, మద్యసారం వాటిని సులభంగా చంపలేవు. వీటిలో అనేక జాతులకు ప్రాణవాయువే విషం. సిద్ధబీజ రూపం దాల్చినందువలననే అవి బయటి గాలిని తట్టుకొని ఒకరి నుండి మరొకరికి చేరగలుగుతున్నాయి.

ఈ శక్తి కీడుకూ తోడ్పడుతుంది. యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు రోగకారకాలతోపాటు మేలు చేసే సూక్ష్మజీవులు కూడా నశిస్తాయి. అట్లు ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు మొలకెత్తి, విషపదార్థాలను విడుదల చేసి, తీవ్రమైన విరేచనాలు కలిగిస్తాయి. వృద్ధులకు ఇది ప్రాణాంతకం కావచ్చు. వాంకోమైసిన్ ఔషధం పెరుగుతున్న బ్యాక్టీరియాను అణచివేస్తుంది గాని, నిద్రిస్తున్న బీజాలను ఏమీ చేయలేదు. అందుచేత మందు ఆపిన కొన్నాళ్లకు కొందరిలో వ్యాధి తిరగబెడుతుంది.

విరుగుడు కూడా సిద్ధబీజాలలోనే లభించింది. చెప్పడానికి కొంత సంకోచమే గాని, ఆ ఔషధానికి మూలం ఆరోగ్యవంతులైన దాతల మలం. దానిని మద్యసారంతో శుద్ధి చేస్తే ఇతర జీవులు నశించి, సిద్ధబీజాలు మిగులుతాయి. యాంటీబయాటిక్‌తో వ్యాధిని అణచిన తరువాత, వీటిని నింపిన గుళికలను రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు ఇస్తారు. అవి పేగులో మొలకెత్తి, పైత్యరసంలోని ఆమ్లాలను శత్రుబీజాలకు గిట్టని రూపంలోకి మారుస్తాయి. అమెరికా, కెనడాలలో 182 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఎనిమిది వారాలలో వ్యాధి తిరగబెట్టినవారు ఈ గుళికలు తీసుకున్నవారిలో 12 శాతం. మందులేని గుళికలు తీసుకున్నవారిలో 40 శాతం. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఈ ఔషధాన్ని ఆమోదించింది.

మన మందుల దుకాణాలలో లభించే బాసిల్లస్ క్లాసై ద్రవంలోనూ సిద్ధబీజాలే ఉంటాయి. అయితే అది వేరు. పై గుళికలకు ప్రత్యామ్నాయం కాదు.

యాత్రలో విరేచనాలు కాగానే తమంతట తామే యాంటీబయాటిక్ బిళ్లలు కొని మింగే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. సాధారణ విరేచనాలకు తరచుగా వాటి అవసరమే ఉండదు. ముందు ఓఆర్‌ఎస్ ద్రావణం త్రాగుట ముఖ్యం. యాంటీబయాటిక్ వాడిన కొద్ది వారాలలో విరేచనాలు మొదలైతే, ఏ మందు ఎన్ని రోజులు వాడారో వైద్యునికి తప్పక తెలియజేయాలి.