వార్తల్లో పదం: సుగమ్యత

సుగమ్యత అంటే చక్రాల కుర్చీలో ఉన్నవారు సైతం ఎవరి సాయమూ లేకుండా భవనంలోకి వెళ్లి పని చూసుకుని రాగలగడం. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ మాట వార్తల్లో నిలిచింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని తప్పనిసరి చేసినా, 2017 నాటి నిబంధన 15(1) ఐచ్ఛిక మార్గదర్శకంగా మార్చేసిందంటూ కోర్టు దాన్ని కొట్టివేసింది. మూడు నెలల్లో కచ్చితమైన నిబంధనలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఉదాహరణకు ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవన్నమాట. అంతకంటే నిటారుగా కడితే ర్యాంపు లెక్కకు ఉంటుంది గానీ అక్కరకు రాదు. అనంతపురం లాంటి కరవు సీమలో దీని అవసరం మరీ ఎక్కువ. పంట దక్కని ఏడు పింఛనుకైనా, పంటల బీమాకైనా కార్యాలయాల గడప తొక్కాల్సిందే. ఆ గడపే అడ్డమైతే హక్కు కాగితానికే పరిమితం. పాత భవనాలను మార్చడం ఖర్చుతో కూడిన పనన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే తీర్పు రాజీలేని నిబంధనలను, క్రమంగా సాధించుకునే మెరుగుదలను విడదీసి చూపింది. కొత్త కట్టడాలకు ఆ చిక్కు లేదు. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతే ఇవ్వకూడదని చట్టంలోని 44వ సెక్షన్ చెబుతోంది.