అలంకారము క్రింది వస్త్రము

వస్త్రాలంకరణము మనకు క్రొత్తది కాదు. అంచును, చెంగును, బుటాను తీర్చుటలో మన నేతగాండ్రు ఆరితేరినవారు. అయితే పూర్వకాలపు అలంకారము మగ్గముపైననే పుట్టి, వస్త్రముతోపాటు జీర్ణించెడిది. నేటి అలంకారము కుట్టి సిద్ధమైన దుస్తులపైకి తరువాత వచ్చి చేరుచున్నది. జగిత్యాల, కోరుట్ల మొదలగు పట్టణముల బజారులలో మగ్గంపని రవికలు, కంప్యూటరు ఎంబ్రాయిడరీ చీరలు, పాఠశాలల చిహ్నములు గల చొక్కాలు, వినాయక నవరాత్రులకు యువజన సంఘముల పేర్లు ముద్రించిన టీషర్టులు విరివిగా అమ్ముడగుచున్నవి. కొనువాడు అక్షరములను చూచును, రంగును చూచును, ధరను బేరమాడును. ఆ అక్షరముల క్రింద నున్న నూలు ఎట్టిదని మాత్రము అడుగడు. నేటి చిక్కంతయు ఈ అడుగని ప్రశ్నలోనే యున్నది.

పాలియెస్టరు నూలు పెట్రోలియమునుండి పుట్టినది. అది మట్టిలో కుళ్లదు. ఉతికినప్పుడెల్ల కంటికి కనబడని పోగులను నీటిలోనికి విడుచును. పోనీ, ప్రత్తివస్త్రమును కొన్నచో దోషము తీరునా? పూర్తిగా తీరదు. స్క్రీన్ ముద్రణలో సాధారణముగా వాడు ప్లాస్టిసాల్ సిరా ప్లాస్టిక్కు పొరయే. నీటిసిరా నూలులో ఇంకును. ప్లాస్టిసాల్ పైననే అట్టగట్టి, పాతబట్టను తిరిగి నూలుగా మార్చుటకు అడ్డుపడును. అందుచేతనే గాట్స్ అను అంతర్జాతీయ ప్రమాణము కనీసము 70 పాళ్లు సేంద్రియపు నూలు ఉండవలెనని విధించుటతో ఆగక, ముద్రణలో పీవీసీని కూడ నిషేధించినది. అద్దకము సంగతియు అట్టిదే. తిరుప్పూరు అద్దకపు కర్మాగారములు నొయ్యల్ నదిని పాడుచేయుచుండుటచే 2011లో మద్రాసు హైకోర్టు వానిని మూయించినది. చౌకచొక్కాకు కొనువాడు చెల్లింపని మూల్యమును ఆ నదియు, దానిపై ఆధారపడిన రైతులును చెల్లించిరి.

ఇక మన సిరిసిల్ల మాట. ఒకప్పుడు చేనేతకు నిలయమైన యీ పట్టణమునుండి భివండికి, షోలాపురమునకు వలసవోయిన నేతగాండ్రు మరమగ్గముల పని నేర్చి, వానిని స్వగ్రామమునకు కొనివచ్చిరి. నేడు పాతికవేలకు పైబడిన ఆ మగ్గములలో అధికభాగము పాలియెస్టరునే నేయుచున్నవి. నూలు చౌక, సరకు త్వరగా కదలును. అయినను నేతవాని బ్రదుకు కుదుటపడలేదు. అప్పులపాలై ఆత్మహత్య చేసికొన్న నేతకార్మికుల కథలు రెండు తరములుగా వినుచునే యున్నాము. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల పంపిణీ నారంభించినది. ఆ యేడు కొంత సరకు సూరతునుండి తెప్పింపగా, నాణ్యము లేదని కొన్నిచోట్ల స్త్రీలు ఆ చీరలను తగులబెట్టిరి. తరువాతి సంవత్సరములలో సిరిసిల్లకు పని దొరకినది. 2024లో ఆ పథకము నిలిచిపోగా మగ్గములు మూగవోయినవి. 2025లో మహిళాసంఘముల చీరల పనితో మరల కదలినవి. ఒక్క కొనుగోలుదారుని నమ్ముకొన్న పరిశ్రమకు ఆ కొనుగోలుదారుడు తుమ్మినను జ్వరమే.

పాలియెస్టరును నేడే మాన్పింపవలెనని పట్టణములలో కొందరు సులువుగా పలుకుదురు. అది న్యాయము కాదు. బట్టకు శుద్ధి చేయబోయి నేతవాని కుండను బోర్లించుట ధర్మమెట్లగును? పాలియెస్టరు త్వరగా ఆరును, ముడుతపడదు, చౌకగా దొరకును. బీదవారు దానిని కొనుట వెఱ్ఱితనము కాదు. చేయవలసినది క్రమక్రమమైన మార్పు. టీషర్టు అల్లికబట్ట, అది సిరిసిల్ల మగ్గములపై పుట్టదు. కాని చొక్కాగుడ్డ, కుర్తాగుడ్డ, కండువా, సంచిగుడ్డ పుట్టును. సిరిసిల్లలో నేసి, పెద్దూరు అపారెల్ పార్కువంటి చోట కుట్టించి, జగిత్యాల, కోరుట్లలలో నీటిసిరాతో ముద్రింపవచ్చును, ఎంబ్రాయిడరీ చేయింపవచ్చును. మన ప్రత్తి బేళ్లుగా పొరుగు రాష్ట్రములకు పోయి, చొక్కాలుగా తిరిగివచ్చుటకంటె నిది మేలు కాదా?

అట్టి సరకు నమ్ముటకు కావలసినది గంభీరమైన బిరుదనామము కాదు, నిజము. ఇన్ని పాళ్లు ప్రత్తి, ఇన్ని పాళ్లు పాలియెస్టరు, సిరా ఇట్టిది, ఉతుకవలసిన తీరు ఇట్టిది అని చీటీపై వ్రాసిన వర్తకుడు చాలును. ఆధారము చూపక ‘ప్రకృతిహితము’ వంటి మాటలతో సరకు నమ్మరాదని 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ మార్గదర్శకములను వెలువరించినది. ఒక ఉదాహరణము. కోరుట్ల, మెట్పల్లి ప్రాంతమున పసుపు పండును గనుక దానితో రంగువేసిన బట్ట నమ్మవలెనని యెవరికైన తోచవచ్చును. పసుపురంగు ఎండకు వెలసిపోవును. ఆ సంగతి ముందే చెప్పి అమ్మినవాని యొద్దకు కొనువాడు మరల వచ్చును. దాచినవాని యొద్దకు రాడు.

ధరను కూడ లెక్కకట్టి చెప్పవలెను. 250 రూపాయల చొక్కా పదిమార్లు తొడుగుటకు వచ్చెననుకొందము; తొడుగుటకు 25 రూపాయలు పడినవి. 450 రూపాయలది అరువది మార్లు వచ్చినచో పడినది ఏడున్నర రూపాయలే. ఈ లెక్క తెలియని గృహస్థుడు మన నాట లేడు. చెప్పిన వర్తకుడే లేడు.

వర్తకునికంటె కొనువారిదే పెద్ద బాధ్యత. పాఠశాలల పెద్దలు, ఉత్సవసంఘములవారు, పెండ్లికి బంధువులకు బట్టలు పెట్టు భూస్వాములు గుంపుగా కొనువారు. వారు పండుగ ముందటి వారమున పరుగెత్తినచో సూరతు గిడ్డంగియే గతి. ప్రత్తినూలుకు మగ్గము యజమాని ముందుగా సొమ్ము పెట్టవలెను; ఆ సొమ్ము వానియొద్ద లేదు. కావున రెండు నెలల ముందు మాట యిచ్చి, కొంత బయానా చేతబెట్టుడు. నూలేది, సిరా యేది, నేసినదెవరు అని అడుగుడు. మూడు ప్రశ్నలకును సూటియైన సమాధానము దొరకినచోటనే కొనుడు. నేతవాడు కోరునది మన జాలి కాదు, వేళకు అందు పని.